తవుడు నూనె ప్లాంటులో హెక్సేన్ నష్టం: చిల్లర్ కొనే ముందు ఏం చూశాం

గోదావరి డెల్టాలోని ఒక తవుడు నూనె ప్లాంటు కేసు ఇది. రోజుకు దాదాపు 200 టన్నుల తవుడు ఆడుతుంది. ప్రాసెస్ ఇంజనీరుగా నాకు అప్పజెప్పిన పని ఒక్కటే, సాల్వెంట్ లాస్, అంటే తవుడులోంచి నూనె కరిగించి తీయడానికి వాడే హెక్సేన్ నష్టం, తగ్గించడం. అప్పటికి టన్ను తవుడికి 7 లీటర్ల దాకా హెక్సేన్ పోతోంది. దాళ్వా (రబీ) తవుడు దిగే ఎండాకాలంలో 8 కూడా దాటేది. బాగా నడిచే సోయా ప్లాంట్లు టన్నుకు ఒక లీటరు దరిదాపుల్లో సర్దుకుంటాయి. తవుడు సోయా ఫ్లేక్ కాదు కాబట్టి ఆ అంకె పట్టుకుని మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు. కానీ తవుడు ప్లాంట్లలోనే 3, 4 లీటర్లతో నెట్టుకొచ్చేవి ఉన్నాయి. 7 మాత్రం ఎక్కువే.

యాజమాన్యం దగ్గర మందు సిద్ధంగా ఉంది: ప్లాంటులోంచి గాలి బయటికి పోయే వెంట్ మీద చిల్లర్, అంటే ఆ గాలిని చల్లబరిచే యంత్రం, పెట్టడం. కొటేషన్లు కూడా వచ్చేశాయి. "వెంట్‌లోంచి వాసన గుప్పుమంటోంది, అక్కడే పోతోంది, అక్కడే పట్టుకుందాం" అన్నది వాళ్ల వాదన. పోయే చోటు వాళ్లు సరిగ్గానే చెప్పారు. అక్కడిదాకా అంత హెక్సేన్ ఎందుకొస్తోందన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ లైన్‌లో లేనివాళ్ల కోసం ప్రాసెస్ రెండు ముక్కల్లో చెబుతాను. మిల్లుల నుంచి వచ్చిన తవుడుకి ఆవిరి పట్టించి పెల్లెట్ మిల్లులో గుళికలు చేస్తాం. అవి ఎక్స్‌ట్రాక్టర్ బెల్టు మీద కదులుతుంటే పైనుంచి ఎదురు వరసలో హెక్సేన్ చల్లుతాం. తాజా హెక్సేన్ చివరి గుళికల మీద, మిసెల్లా, అంటే నూనె కరిగిన హెక్సేన్, కొత్తగా వచ్చే గుళికల మీద పడుతుంది. చిక్కబడ్డ మిసెల్లాని ఎకనమైజర్ (కింద చెప్పే డీటీ ఆవిరి వేడితోనే మిసెల్లాని వేడిచేసేది), హీటర్, వ్యాక్యూమ్ స్ట్రిప్పర్ గుండా పంపిస్తే హెక్సేన్ ఆవిరై నూనె మిగులుతుంది. నూనె తీసేసిన తడి తవుడు డీటీలోకి, అంటే డీసాల్వెంటైజర్‌లోకి వెళ్లి, అక్కడ ఆవిరి తగిలి హెక్సేన్ వదిలేసి డీఓబీగా, అంటే నూనె తీసిన తవుడుగా, బయటికొస్తుంది. ఆవిర్లన్నీ కండెన్సర్లలో చల్లబడి సెపరేటర్‌కి చేరతాయి, అక్కడ నీళ్లు అడుగున, హెక్సేన్ పైన విడిపోతాయి. చల్లబడని గాలి మినరల్ ఆయిల్ అబ్జార్బర్ (గాలిలో మిగిలిన హెక్సేన్‌ని మినరల్ ఆయిల్‌తో పీల్చే పాత్ర) దాటి వెంట్‌లోంచి పోతుంది.

ముందు డిప్ సరిగ్గా తీయాలి

లాస్ తగ్గించే పని కొలతతోనే మొదలవ్వాలి. మా దగ్గర షిఫ్టు మారినప్పుడల్లా ట్యాంకు డిప్ తీసి, అంటే హెక్సేన్ మట్టం కొలిచి, రిజిస్టర్లో రాసేవారు. ఉష్ణోగ్రత కాలమ్ అసలు లేదు. హెక్సేన్ డిగ్రీకి సుమారు 0.135 శాతం వ్యాకోచిస్తుంది. 40 కిలోలీటర్ల సరుకు పది డిగ్రీలు వేడెక్కితే 540 లీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది. 200 టన్నుల ప్లాంటుకి అది టన్నుకు 2.7 లీటర్లు! తెల్లారి తీసిన డిప్‌కీ మధ్యాహ్నం మూడింటికి తీసిన డిప్‌కీ మధ్య తేడాని "ఈ షిఫ్టువాళ్లు మిగిల్చారు, ఆ షిఫ్టువాళ్లు తగలేశారు" అని చదువుతున్నారు. నెల సగటులో ఈ తప్పు కొట్టుకుపోతుంది. కానీ నిన్న మార్చిన వాల్వు ఇవాళ పనిచేసిందో లేదో ఈ లెక్కతో ఎప్పటికీ తెలియదు.

అందుకని డిప్ తెల్లవారుజామున ఒకే టైముకి తీయడం, పక్కనే ఉష్ణోగ్రత రాయడం, అందరూ 30 డిగ్రీలకు సరిచేసిన లీటర్లే మాట్లాడటం మొదలుపెట్టాం. ఎక్స్‌ట్రాక్టర్, మిసెల్లా ట్యాంకులు, సెపరేటర్ మట్టాలు కూడా అదే టైముకి. ట్యాంకర్ దించినప్పుడు డెన్సిటీ చూసి లీటర్లని కిలోలుగా మార్చుకోవడం కూడా అప్పుడే అలవాటైంది. ఖర్చు దాదాపు సున్నా. ఏ పనికి ఎంత ఫలితం వచ్చిందో కచ్చితంగా చెప్పగలిగింది దీనివల్లే.

పోయే దారులు

హెక్సేన్ బయటికి పోయే దారులు నాలుగే: డీఓబీతో, నూనెతో, నీళ్లతో, గాలితో. మిగిలింది గ్లాండు (పంపు షాఫ్టు సీలు) లీకులు, ప్లాంటు ఆపి మొదలుపెట్టినప్పుడు పోయేది. ఒక్కోదానికి ఎంతో లెక్క వేసుకుంటే దేని వెనక పడాలో తెలుస్తుంది.

మాకు డీఓబీ రోజుకు దాదాపు 160 టన్నులు. అందులో 1000 పీపీఎం (కిలోకి ఒక గ్రాము) హెక్సేన్ మిగిలితే 160 కిలోలు, అంటే 240 లీటర్లు, టన్ను తవుడికి 1.2 లీటర్లు. ల్యాబ్‌లో చూస్తే 800 నుంచి 1200 మధ్య ఊగుతోంది. అంతవరకూ డీటీ ఆపరేటర్లు దోసిట్లో వేడి డీఓబీ పట్టుకుని వాసన చూసి "బాగుందండి" అనేవారు. ఏళ్ల తరబడి అదే గాలి పీల్చిన ముక్కుకి 300కీ 1000కీ తేడా తెలియదు, అది వాళ్ల తప్పేమీ కాదు.

నూనెతో పోయేది తక్కువ. 36 టన్నుల నూనెలో 1000 పీపీఎం ఉన్నా టన్ను తవుడికి 0.3 లీటరు లోపే. దాన్ని పక్కన పెట్టాం. నీళ్లలో హెక్సేన్ నిజంగా కరిగేది లీటరుకి పది మిల్లీగ్రాముల వరసలో, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అయితే మా సెపరేటర్‌లో నీటికీ హెక్సేన్‌కీ మధ్య గోధుమరంగు తెట్టు ఒకటి మందంగా పేరుకునేది. అందులో ఉన్నది సన్నటి తవుడు పొడి. ఆ తెట్టు నీళ్లతో పాటు కిందికి జారినప్పుడల్లా హెక్సేన్‌ని కూడా పట్టుకెళ్తోంది. ఈ పొడి సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక గాలి. హెక్సేన్ ఆవిరి పీడనం తెలిస్తే చాలు, ఎవరైనా వేసుకోగల లెక్క ఇది. వెంట్‌లోంచి పోయే ప్రతి కిలో గాలీ, హెక్సేన్‌తో నిండి ఉంటే, 40 డిగ్రీల దగ్గర సుమారు 1.9 కిలోల హెక్సేన్‌ని మోసుకుపోతుంది. 30 దగ్గర ఒక కిలో, 20 దగ్గర 0.6, 10 దగ్గర మూడో వంతు కిలో. గుళికల సందుల్లో ఇరుక్కుని రోజుకు పావు టన్ను గాలి ఎలాగూ లోపలికి వస్తుంది. అబ్జార్బర్ అసలు పనిచేయకపోతే 40 డిగ్రీల దగ్గర టన్నుకు మూడున్నర లీటర్లు ఈ ఒక్క దారినే పోతాయి. మా చివరి కండెన్సర్ తర్వాత గ్యాస్ 38 నుంచి 41 డిగ్రీలు చూపిస్తోంది. అబ్జార్బర్ సగం సగంగా పనిచేస్తోంది. పైగా లోపలికి వచ్చే గాలి పావు టన్నుతో ఆగడం లేదు. అన్నీ కలిపితే వెంట్ వాటా 3 లీటర్లకు తగ్గదు.

ఈ అంకెలు చూస్తే చిల్లర్ పెట్టాలనే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ కూలింగ్ వాటర్ 33 డిగ్రీల్లో వస్తుంటే గ్యాస్ 41లో ఎందుకు బయటికొస్తోంది? కండెన్సర్ కట్టినప్పుడు ఇచ్చిన డిజైన్ ప్రకారం ఇంత తేడా ఉండకూడదు. కొత్త మెషిన్ కొనే ముందు ఈ ప్రశ్నకి జవాబు కావాలి అన్నాను. ఒక సీజన్ గడువు ఇచ్చారు.

తడి తవుడు

జవాబు ఎక్స్‌ట్రాక్టర్ చివర దొరికింది. అక్కడినుంచి డీటీలోకి పడే తడి తవుడులో హెక్సేన్ ఎంత ఉందో ఎవరూ కొలవరు. డబుల్ వాల్వు ఉన్న శాంపిల్ పాయింటు పెట్టించి, మూత బిగించిన సీసాలో తీసి ల్యాబ్‌లో తూస్తే 38 శాతం. బాగా కారిపోయిన తవుడైతే 30 దగ్గర ఉండాలి. ఎనిమిది శాతమే కదా అనిపిస్తుంది. 160 టన్నుల డీఓబీతో 30 శాతం దగ్గర వచ్చే హెక్సేన్ రోజుకు 69 టన్నులు. 38 దగ్గర 98 టన్నులు. డీటీ మీద, దాని తర్వాతి ఎకనమైజర్ మీద, కండెన్సర్ మీద 40 శాతం పైగా అదనపు భారం. ఆ అదనపు 29 టన్నుల్ని ఆవిరి చేయడానికే రోజుకు నాలుగు టన్నుల పైచిలుకు స్టీమ్ కావాలి, మళ్లీ అంత వేడినీ కండెన్సర్లు లాగాలి. గ్యాస్ 41 డిగ్రీల్లో రాక ఏం చేస్తుంది!

దీనికి తోడు ఇంకో గొలుసు నడుస్తోంది. కండెన్సర్ తట్టుకోలేకపోతే సిస్టమ్‌లో ప్రెషర్ పెరుగుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ లోపలి ప్రెషర్ బయటి గాలికంటే కాస్త తక్కువగా, నీటి మట్టం కొలతలో కొద్ది మిల్లీమీటర్లు మైనస్‌లో ఉండాలి. అది ప్లస్‌కి వచ్చిందంటే హెక్సేన్ ఫ్లోర్ మీదికి వస్తుంది. హెక్సేన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు, కాలవల్లో గుంటల్లో కూర్చుంటుంది, గాలిలో 1.1 శాతం ఉంటే చాలు అంటుకోవడానికి. అందుకని షిఫ్టువాళ్లు భయపడి వెంట్ బ్లోయర్ పెంచేవారు. భద్రత చూసుకుంటే వాళ్లు చేసింది కరెక్టే. కానీ బ్లోయర్ పెంచితే ఫీడ్ వైపు నుంచి బయటి గాలి ఇంకా ఎక్కువ లాగుతుంది, ఆ గాలి కిలోకి దాదాపు రెండు కిలోల హెక్సేన్ మోసుకుపోతుంది.

మరి తవుడు ఎందుకు కారడం లేదు? ఎక్స్‌ట్రాక్టర్ అద్దంలోంచి చూస్తే తెలిసిపోతోంది. బెడ్ (బెల్టు మీది గుళికల పొర) మీద మిసెల్లా దిగకుండా చెరువులా నిలబడి, పక్కల నుంచి పొర్లుతోంది. గుళికలు విరిగి పొడైపోయి సందులు మూసుకుపోయాయి. గుళికల్ని చల్లార్చే కూలర్ తర్వాత కొన్ని తీసుకొచ్చి జల్లెడ పడితే నాలుగో వంతు పొడి. పెల్లెట్ మిల్లు నడిపే పెద్దాయన్ని అడిగితే, "ఉప్పుడు తవుడండి, ఇంతకన్నా గట్టిపడదండి. పచ్చి తవుడైతే రాయిలా వస్తుందండి" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. దాళ్వా ధాన్యం ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పోతుంది. ఆ తవుడులో నూనె ఎక్కువ, గుళికని పట్టి ఉంచే పిండి పదార్థం తక్కువ. కొనుగోలు విభాగానికి అది బంగారం, ఎందుకంటే నూనె శాతం ఎక్కువ, ఉడికించడం వల్ల లైపేజ్ ఎంజైమ్ చచ్చిపోయి ఎఫ్‌ఎఫ్‌ఏ (ఫ్రీ ఫ్యాటీ యాసిడ్, నూనె చెడే కొద్దీ పెరిగేది) నెమ్మదిగా పెరుగుతుంది. తవుడు ధర నూనెని బట్టి, ఎఫ్‌ఎఫ్‌ఏని బట్టి కడతారు. హెక్సేన్ దాంట్లోంచి దిగుతుందా లేదా అన్నదానికి ఏ లారీకీ రేటు తగ్గించరు. ఈ విషయంలో తవుడు ప్లాంట్లన్నీ ఒకలాగే ఉంటాయని నా అభిప్రాయం: కొనేవాళ్లకు ప్లాంటు తెలియదు, ప్లాంటువాళ్లకు రేటు తెలియదు.

చేసినవి

పెల్లెట్ మిల్లు డై, అంటే గుళికలు ఒత్తే అచ్చు, అరిగిపోయి ఉంది, మార్చాం. కండిషనర్‌లో తవుడు స్టీమ్ తగిలీ తగలకుండా దాటిపోతోంది, ప్యాడిల్స్ కోణం మార్చి ఎక్కువసేపు ఉండేలా చేశాం. కూలర్ తర్వాత జల్లెడ పెట్టి పొడిని మళ్లీ మిల్లుకి తిప్పాం. వీటితో సగం పని అయింది.

మిగతా సగం కలపడంలో ఉంది. ఉప్పుడు తవుడులో మూడో వంతు దాకా పచ్చి తవుడు కలిపితే గుళిక నిలబడుతోంది. ఇక్కడ చిక్కు ఏంటంటే, పచ్చి తవుడుని నిల్వ పెట్టలేం. మిల్లులో పాలిష్ పట్టిన గంట నుంచే లైపేజ్ పని మొదలుపెడుతుంది, రోజులు గడిస్తే ఎఫ్‌ఎఫ్‌ఏ పెరిగి రిఫైనరీ వాళ్లు మన మీద పడతారు. కాబట్టి పచ్చి తవుడు లారీలు రోజూ రావాలి, వచ్చిన రోజే ఆడాలి. కొనుగోలు మేనేజర్‌కి ఇది నచ్చలేదు, రవాణా పెరుగుతుందన్నాడు. ఆయన్ని ఒప్పించింది హెక్సేన్ లెక్క కాదు, నూనె లెక్క. బెడ్ దిగకపోతే నూనె కూడా పూర్తిగా రాదు, మా డీఓబీలో 1.8 శాతం నూనె మిగిలిపోతోంది. దాన్ని 1 శాతానికి తెస్తే రోజుకు 1.28 టన్నుల నూనె. ముడి నూనె కిలో 80 రూపాయలు అనుకున్నా లక్ష రూపాయలు. హెక్సేన్ మూడున్నర లీటర్లు మిగిల్చినా, లీటరు 80 చొప్పున, వచ్చేది 56,000. సాల్వెంట్ లాస్ కోసం మొదలుపెట్టిన పనిలో పెద్ద డబ్బు డీఓబీలో కనిపించింది.

ఎక్స్‌ట్రాక్టర్‌లో రెండు మార్పులే. బెడ్ ఎత్తు కాస్త తగ్గించాం. తాజా హెక్సేన్ చల్లే చివరి పైపుని కొంచెం వెనక్కి జరిపి, గుళికలు పడిపోయే ముందు కారడానికి ఇంకాస్త బెల్టు మిగిల్చాం. తాజా హెక్సేన్‌ని 55 డిగ్రీల పైన పంపడం ముఖ్యం, చల్లగా ఉంటే చిక్కగా ఉండి దిగదు. 60 దాటనివ్వకూడదు, 63 నుంచి మరగడం మొదలవుతుంది. తడి తవుడులో హెక్సేన్ 38 నుంచి 31కి వచ్చింది.

డీటీని షట్‌డౌన్‌లో తెరిచాం. స్పార్జ్ ట్రేలో స్టీమ్ వచ్చే రంధ్రాల్లో సగానికి పైగా మాడిన తవుడు గట్టిగా బిగుసుకుపోయి ఉంది. వేలితో గీరితే పెళుసుగా పెచ్చులు ఊడుతున్నాయి, లోపల మాత్రం సిమెంటు. తెరిచి ఉన్న రంధ్రాల దగ్గర స్టీమ్ దారి చేసుకుని ఒకేచోట దూసుకుపోతోంది, మిగతా తవుడుకి తగలడమే లేదు. డీఓబీలో 1000 పీపీఎం ఎందుకు మిగులుతోందో అప్పుడు అర్థమైంది. రంధ్రాలు డ్రిల్ చేసి శుభ్రం చేశాం. తర్వాత డీటీ నుంచి పోయే ఆవిరి ఉష్ణోగ్రతని పట్టుకుని స్పార్జ్ స్టీమ్ నడపడం నేర్పించాం. అది 70-75 మధ్య ఉండాలి. 65కి పడితే స్టీమ్ చాలడం లేదు, హెక్సేన్ డీఓబీతో పోతుంది. 80 దాటితే స్టీమ్ వృథా, ఆ నీళ్ల భారమంతా కండెన్సర్ మీద. డీఓబీ 300-400 పీపీఎంకి దిగింది.

ఇలాంటి పాత్రల్లోకి మనిషిని దింపడం గురించి ఒక మాట. 2023 ఫిబ్రవరిలో పెద్దాపురం మండలం రాగంపేటలో నూనె ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు కార్మికులు ఊపిరాడక చనిపోయారు. ఒకరి వెనక ఒకరు. అది హెక్సేన్ కూడా కాదు. డీటీ అయినా, ట్యాంకైనా, సెపరేటర్ గుంటైనా స్టీమ్‌తో పర్జ్ చేసి, గాలి పట్టించి, గ్యాస్ మీటరూ ఆక్సిజన్ మీటరూ చూశాకే పర్మిట్, బయట తాడు పట్టుకుని ఒక మనిషి. షట్‌డౌన్ ఒక రోజు పొడిగించాల్సి వచ్చినా సరే.

కండెన్సర్, అబ్జార్బర్

పొడి తగ్గాక ఎకనమైజర్, కండెన్సర్ ట్యూబులు తోమించాం. డీటీ ఆవిరితో ఎగిరొచ్చిన పొడి ఆవిరి వైపు పట్టుకుంటే, మిసెల్లా వైపు తవుడు మైనం అట్టకట్టింది. ఆవిరి వైపుది పోయింది. డీటీకీ ఎకనమైజర్‌కీ మధ్య ఆవిరిలోని పొడిని కడిగే స్క్రబ్బర్‌లో నాజిల్స్ ఎప్పుడో ఊడిపోయి ఉన్నాయి, అవి బిగించాక సెపరేటర్‌లో తెట్టు కూడా బాగా పలచబడింది. సెపరేటర్ నీళ్లని బయటికి వదిలేముందు 90 డిగ్రీలు దాటించే బాయిలర్ ఉన్నా, స్టీమ్ ఆదా అని 70లో నడిపేవారు. హెక్సేన్, నీళ్లు కలిసి 61.6 డిగ్రీల్లోనే మరుగుతాయి కదా, 70 చాలు అన్నది వాదన. తేట నీళ్లకైతే చాలేమో. తెట్టులో చిక్కుకున్నది వదలాలంటే 90 కావాలి.

అబ్జార్బర్‌లోకి వెళ్లే మినరల్ ఆయిల్ 46 డిగ్రీల్లో ఉంది, నల్లగా, జిగటగా. దాన్ని చల్లార్చే కూలర్ మూసుకుపోయింది, దాంట్లోంచి హెక్సేన్ వదిలించే స్ట్రిప్పర్‌లో (ఇది మిసెల్లా స్ట్రిప్పర్ కాదు) వేడి కూడా చాలడం లేదు. హెక్సేన్ పూర్తిగా వదలని వేడి నూనె మళ్లీ హెక్సేన్‌ని ఏం పీల్చుకుంటుంది? నూనె మార్చి, స్ట్రిప్పర్‌ని 105 డిగ్రీలకు పైన పట్టి, అబ్జార్బర్‌కి 34లో పంపాం. వ్యాక్యూమ్ స్ట్రిప్పర్ పంపుల గ్లాండు ప్యాకింగ్ మార్చాం. వ్యాక్యూమ్ లాగే ఎజెక్టర్ ఆపి అది ఎంతసేపు నిలబడుతుందో చూడటం నెలనెలా పెట్టుకున్నాం. గుళికలు గట్టిగా ఉండటంతో ఫీడ్ హాపర్ అడ్డుపడటం తగ్గింది. దాంతో హాపర్ ఎప్పుడూ నిండుగా ఉంచగలిగాం, బయటి గాలికి అదే మూత. బ్లోయర్ మళ్లీ మామూలుకి వచ్చింది.

సార్వా (ఖరీఫ్) సీజన్ నడుమకి లాస్ టన్నుకు 4 లీటర్ల లోపుకి వచ్చింది. చివర్లో 3.4 దాకా వెళ్లింది. ప్లాంటు ఆగకుండా నడిచిన వారాల్లో ఇంకా తక్కువ. తవుడు లేక ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ కొన్ని వందల లీటర్లు పోతాయి, దానికి ప్రాసెస్‌లో మందు లేదు. రెండు రోజుల సరుకు చేతిలో ఉంటే తప్ప స్టార్ట్ చేయొద్దని ఒప్పందానికి వచ్చాం.

దాళ్వా వచ్చాక చిల్లర్ ఫైలు మళ్లీ తెరిచాం, ఈసారి నేనే అడిగాను. గోదావరి గట్టున మే నెలలో గాలి తేమకి కూలింగ్ టవర్ నీళ్లు 33 కంటే దిగవు, ఎంత తోమినా గ్యాస్ 36లోనే ఉంటుంది. అయితే ఇప్పుడు పోయే గాలి తక్కువ, అది మోసే హెక్సేన్ తక్కువ, పొడి లేదు. మొదటి కొటేషన్‌లో ఉన్న సైజులో మూడో వంతు సరిపోయింది. అబ్జార్బర్‌కి వెళ్లే మినరల్ ఆయిల్‌ని కూడా అదే చల్లటి నీళ్లతో 20 డిగ్రీలకు దించుతున్నాం. ఎండల్లో కూడా లాస్ 4 దాటలేదు. ఎకనమైజర్ మిసెల్లా వైపు మైనం మాత్రం అలాగే పేరుకుంటోంది. వేడి మిసెల్లా తిప్పి కడగడం ఒక్కటే ప్రస్తుతానికి చేస్తున్నాం, అదీ ప్రతి షట్‌డౌన్‌లో.